మగ్గము గలవాని స్వాతంత్ర్యము: ఆచార్య రంగాగారి దృక్పథమును, పద్మనగర నేతగాండ్రును

మహారాష్ట్రమున ఠాణా జిల్లాకు చెందిన భివండీ పట్టణము మరమగ్గముల పరిశ్రమకు దేశమంతట పేరుగన్నది. ఆ పట్టణములో తెలుగువారు కుదురుకొన్న పేట పద్మనగరము. తెలంగాణ పల్లెలలో చేమగ్గము సాగక, బ్రతుకుతెరువు వెదకుకొనుచు వచ్చిన పద్మశాలి కుటుంబములు తరములుగా అచ్చట నివసించుచున్నవి. మరమగ్గమును తెలంగాణపు నేతవారు సాంచె యందురు. ఆ పేటలో ఒకనికి నాలుగు సాంచెలుండును. ఒకనికి ఎనిమిది యుండును. వేరొకనికి ఒక్కటియు లేక, పరుల సాంచెలపై కూలికి నేయును.

ఈ మూడు విధములవారిలో మొదటి యిరువురను ఏమని పిలువవలెను? మగ్గము తమది గనుక యజమానులనవచ్చునా? నూలు వ్యాపారిది, నేసిన గుడ్డయు వ్యాపారిది, తమకు దక్కునది నేతకూలి మాత్రమే గనుక కూలివారనవచ్చునా? ఇది మాటల పట్టింపు కాదు. పేరునుబట్టియే చట్టము వర్తించును; పేరునుబట్టియే అప్పు పుట్టును; పేరునుబట్టియే ఆపదలో ఆదరువు లభించును. యజమాని యన్నచో పన్నులును, తనిఖీలును అతని గడప త్రొక్కును. కార్మికుడన్నచో భవిష్యనిధి, వైద్య సహాయము వంటి హక్కులు కలుగును. రెండింటి నడుమ నున్నవానికి యజమాని భారము మిగులును గాని కార్మికుని రక్షణ దొరకదు.

ఈ నడిమివాని స్థానమేమి యను ప్రశ్నను భారత రాజకీయములలో జీవితకాలము అడుగుచు వచ్చిన తెలుగు నాయకుడు ఆచార్య గోగినేని రంగనాయకులుగారు. లోకము ఆయనను ఎన్.జి. రంగాగారుగా, రైతు నాయకుడుగా ఎరుగును. నేతగానిని గూర్చి ఆయన చేసిన కృషి అంత ప్రసిద్ధము కాదు. ఆయన రాజకీయ, ఆర్థిక, ప్రజాసేవా దృక్పథములకు మూలము ఒక్కటే: తన పనిముట్టుతో, తన కుటుంబపు శ్రమతో జీవించువాడు దేశమునకు వెన్నెముక యనియు, అతడు పెట్టుబడికి గాని ప్రభుత్వమునకు గాని దాసుడు కారాదనియు నమ్మిక. ఆ నమ్మిక ఎంతవరకు నిజమో, ఎచ్చట చాలదో తెలిసికొనుటకు పద్మనగరము వంటి గీటురాయి మరొకటి దొరకుట అరుదు.

పుట్టుపూర్వములు

రంగాగారు 1900 నవంబరు 7వ తేదీన గుంటూరు జిల్లా నిడుబ్రోలులో వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. కృష్ణా కాలువల క్రింది మాగాణి పల్లెలు ఆయన బాల్యమునకు పాఠశాలలు. ఇంగ్లండు వెళ్లి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమునందు బి.లిట్. పట్టమును పొందిరి. తిరిగివచ్చి మదరాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రాచార్యులైరి. ఆచార్య యను బిరుదు పేరులో భాగమగుటకు ఆ ఉద్యోగమే కారణము. 1930లో గాంధీజీ పిలుపు విని ఆ కొలువు విడిచి జాతీయోద్యమమున ప్రవేశించిరి. ఆ సంవత్సరమే కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. అప్పటినుండి 1991 వరకు, నడుమ కొంత విరామముతో, ఆయన జీవితము చట్టసభలతో పెనవేసికొన్నది. 1991లో భారత ప్రభుత్వము పద్మవిభూషణ పురస్కార మొసగెను. 1995 జూన్ 9వ తేదీన ఆయన కీర్తిశేషులైరి. మరుసటి సంవత్సరము ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టబడెను.

ఈ జీవితరేఖలలో ఒక విశేషమును గమనింపవలెను. విదేశములలో అర్థశాస్త్రము చదివినవారు అనేకులు ద్రవ్యము, సుంకములు, విదేశ వాణిజ్యము మున్నగు విషయములపై వ్రాయుట ఆనాటి వాడుక. రంగాగారు అట్లు గాక పల్లెకు వచ్చి, ఒక్కొక్క ఇంటి రాబడి యెంత, వ్యయ మెంత, అప్పు ఎవరివద్ద, వడ్డీ యెంత యని విచారించిరి. డెల్టా గ్రామముల ఆర్థిక వ్యవస్థను గూర్చిన ఆయన తొలి గ్రంథము ఇట్టి విచారణ ఫలమే. అదే పద్ధతిని ఆయన నేతగాని యింటికిని తీసికొనిపోయిరి.

1930 నాటి చేనేత గ్రంథము

దక్షిణ భారత చేనేతవారి సాంఘికార్థిక పరిస్థితులపై రంగాగారు ఆంగ్లమున వ్రాసిన గ్రంథము 1930లో బొంబాయినుండి వెలువడినది. నేడు ఆ పుస్తకమును తలచువారు తక్కువ. కాని చేనేతను ప్రాచీన కళగా పొగడుటయో, చచ్చిపోవు వృత్తిగా జాలిపడుటయో చేయక, బ్రతుకుచున్న పరిశ్రమగా లెక్కించిన తొలి రచనలలో అది ఒకటి.

ఆనాటి మదరాసు రాజధానిలో నేతవారి స్థితి మూడు తెరగులుగా నుండెను. తన సొమ్ముతో నూలు కొని, నేసి, సంతలో అమ్ముకొను స్వతంత్ర నేతగాడు ఒకడు. మగ్గము తనదైనను నూలు షావుకారువద్ద తెచ్చుకొని, నేసిన చీరనో పంచెనో అతనికే అప్పగించి కూలి తీసికొనువాడు రెండవవాడు. మగ్గము కూడ లేక షావుకారు కార్ఖానాలో కూర్చుండి నేయువాడు మూడవవాడు. మొదటివాడు అప్పుల పాలై రెండవవాడగును; రెండవవాడు మగ్గ మమ్ముకొని మూడవవాడగును. ఈ జారుడుమెట్లపై నిలద్రొక్కుకొనుటయే నేతగాని జీవిత సమరము.

ఇందు ముఖ్యమైన సత్య మొకటి కలదు. మగ్గము ఉన్నంతమాత్రమున స్వాతంత్ర్యము లేదు. నూలు ఎవరిచేతిలో నున్నదో, సరుకు అమ్ము దారి ఎవరిచేతిలో నున్నదో, ఆ రెంటి నడుమ గడచు దినములకు అప్పు ఎవరిచ్చుచున్నారో వారే నిజమైన యజమానులు. పనిముట్టు, ముడిసరుకు, పెట్టుబడి, విపణి యను నాలుగింటిలో మొదటిది మాత్రమే నేతగానిది. ఈ విషయము 1930లో పెద్దాపురమునకును, చీరాలకును ఎట్లు వర్తించెనో, అనంతర కాలమున భివండీకిని అట్లే వర్తించినది.

రంగాగారి ప్రభావముతో నేతగాండ్రలో సంఘనిర్మాణమునకు పూనుకొన్నవారిలో ప్రగడ కోటయ్యగారు ముఖ్యులు. ఆయనయు నిడుబ్రోలువారే. చీరాల ప్రాంతము కేంద్రముగా చేనేతవారి సహకార సంఘములకొరకు, చట్టరక్షణకొరకు ఆయన జీవితాంతము పాటుపడిరి. శాసనసభ్యుడుగా, అనంతరము రాజ్యసభ సభ్యుడుగా నేతగాని గోడు వినిపించిరి. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఆయన పేరుతో నడచుచున్నది. గురువు వ్రాసిన లెక్కలకు శిష్యుడు ఉద్యమరూప మిచ్చెనని చెప్పవచ్చును.

గాంధీజీ ఖద్దరు, నేతగాని నూలు

జాతీయోద్యమములో చేనేతకు లభించిన స్థానము చిక్కులతో కూడినది. గాంధీజీ దృష్టిలో చేతితో వడికిన నూలును చేతితో నేసినదే ఖద్దరు. మిల్లు నూలుతో నేయు మగ్గము మిల్లుపై ఆధారపడినదే గాన, మిల్లు తలచుకొన్ననాడు ఆ మగ్గము ఆగిపోవునని ఆయన హెచ్చరించిరి. ఈ హెచ్చరికలో దూరదృష్టి కలదు. కాని లక్షలాది నేతగాండ్రు అప్పటికే మిల్లు నూలుపై జీవించుచుండిరి. 1942లో వెలువడిన నిజనిర్ధారణ సంఘ నివేదిక దేశములో సుమారు 20 లక్షల చేమగ్గములున్నట్లు లెక్కించినది. వాటికి చాలినంత చేనూలు ఎచ్చటనుండి వచ్చును?

రంగాగారు గాంధీజీ అనుచరులైనను, ఈ విషయమున నేతగాని కష్టమును ఖద్దరు సిద్ధాంతముతో సరిపెట్టలేదు. నేతగాడు ఏ నూలుతో నేసినను అతని శ్రమ స్వదేశీ శ్రమయే గదా యనునది ఆయన వైఖరిలోని సారము. ఖద్దరు ధరించువానిని దేశభక్తుడని కొనియాడి, మిల్లు నూలుతో నేయువానిని విస్మరించుట న్యాయము కాదు. ఆదర్శమును వదలక, ఆ ఆదర్శమునకు లోబడని బ్రతుకును కూడ లెక్కలో చేర్చుటయే ఆయన పద్ధతి.

రాజకీయ దృక్పథము

రంగాగారి రాజకీయములు సంఘటనతో ఆరంభమైనవి. 1933లో ఆంధ్రదేశమున రైతుల ఉద్యమమును నడపిరి. 1936 ఏప్రిలులో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతిగారు అధ్యక్షులు కాగా, రంగాగారు ప్రధాన కార్యదర్శులైరి. ఆ యేట డిసెంబరులో మహారాష్ట్రములోని ఖాందేశమున ఫైజ్‌పూరు గ్రామమునందు జరిగిన రెండవ మహాసభకు ఆయనయే అధ్యక్షత వహించిరి. కాంగ్రెసు మహాసభ మొట్టమొదట ఒక పల్లెలో జరిగినదియు అప్పుడే, అచ్చటనే. తెలుగు నాయకుడొకడు మరాఠీ గడ్డపై దేశపు రైతులకు అధ్యక్షుడై నిలుచుట మహారాష్ట్రాంధ్రులు గుర్తుంచుకొనదగిన సంఘటన.

రాజ్యాంగ సభలో లక్ష్య తీర్మానముపై జరిగిన చర్చలో రంగాగారు ఒక నూతన భావమును వినిపించిరి. అల్పసంఖ్యాకుల హక్కులను గూర్చి అందరును మాట్లాడుచుండగా, చట్టము తెలియక, కోర్టు మెట్లెక్కలేక, హక్కులున్నను అనుభవింపలేని సామాన్య ప్రజలే నిజమైన అల్పసంఖ్యాకులని ఆయన వాదించిరి. సంఖ్యలో అధికులైనను శక్తిలో అల్పులని భావము. హక్కు కాగితముపై నుండుట వేరు, చేతికందుట వేరు అను భేదమును ఆయన ఎన్నడును మరువలేదు.

స్వాతంత్ర్యానంతరము ఆయన రాజకీయ ప్రయాణము వంకరలు పోయినది. 1951లో కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. 1955 ఆంధ్ర ఎన్నికల సమయమున మరల కాంగ్రెసువైపు చేరిరి. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయ తీర్మానమును ఆమోదించగా, నెహ్రూతో విభేదించి బయటికి వచ్చిరి. ఆ యేట ఆగస్టు 1, 2 తేదీలలో బొంబాయిలో సన్నాహక మహాసభ జరుపుకొన్న స్వతంత్ర పార్టీకి రాజాజీ ప్రేరకులు కాగా, రంగాగారు తొలి అధ్యక్షులైరి. ఆ పార్టీ 1962లో 18, 1967లో 44 లోక్‌సభ స్థానములను గెలుచుకొన్నది. 1974లో భారతీయ లోక్‌దళ్‌లో లీనమైనది. అంతకు ముందే రంగాగారు తిరిగి కాంగ్రెసు పక్షమున చేరియుండిరి.

పార్టీలు మారినవాడని ఆయనను విమర్శించుట సులభము. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. అంతకంటె బలమైన విమర్శ మరొకటి కలదు. జమీందారులపై పోరాడిన నాయకుడు మాజీ సంస్థానాధీశులు, పెద్ద వ్యాపారులు కూడిన పార్టీకి అధ్యక్షుడగుట ఎట్లు పొసగును? ఇందుకు ఆయన పక్షమున చెప్పదగిన సమాధాన మొక్కటే. జమీందారు రైతు భూమిని కాజేసినప్పుడు జమీందారును ఎదిరించిరి. సహకారము పేరిట ప్రభుత్వమే ఆ భూమిని ఉమ్మడి చేయబూనినదని తోచినప్పుడు ప్రభుత్వమును ఎదిరించిరి. శత్రువు మారెను గాని, కాపాడదలచిన వస్తువు మారలేదు. ఆ సమాధానము తర్కమునకు నిలుచును. అయినను రైతునకు తోడుగా చేర్చుకొన్న బలవంతులు రైతుకొరకే పనిచేయుదురని నమ్ముట చరిత్ర పరీక్షకు నిలువలేదు.

ఆర్థిక దృక్పథము

ఆనాటి అర్థశాస్త్రమున పరస్పర విరుద్ధములైన రెండు మార్గములు ప్రబలముగా నుండెను. ఒకటి పెద్ద పెట్టుబడికి స్వేచ్ఛ. రెండవది ఉత్పత్తి సాధనములపై ప్రభుత్వ స్వామ్యము. చిన్న రైతును, చేతివృత్తివానిని రెండు మార్గములును గతకాలపు అవశేషముగనే చూచెను. నేడో రేపో వీడు కూలివాడై మిల్లులోనో, ప్రభుత్వ క్షేత్రములోనో చేరునని రెండు పక్షములవారును నమ్మిరి.

రంగాగారు ఈ జోస్యమును అంగీకరింపలేదు. స్వయంవృత్తిపరుడు అవశేషము కాదు, భారతదేశపు ఆర్థిక వ్యవస్థకు పునాది యని ఆయన వాదము. వాడు తనను తానే పనిలో పెట్టుకొన్నవాడు. వాని కుటుంబమే వాని కార్ఖానా. వానికి సెలవు లేదు, పింఛను లేదు, నిరుద్యోగ భృతి లేదు. అయినను ప్రభుత్వమును ఉద్యోగమడుగక దేశమునకు అన్నము, వస్త్రము సమకూర్చుచున్నాడు. వానికి కావలసినది చౌకయగు ఋణము, సకాలమున ముడిసరుకు, న్యాయమగు ధర, సాంకేతిక శిక్షణ. వీటికొరకు ఏర్పడు సేవా సహకార సంఘములను ఆయన సమర్థించిరి. భూమిని, పనిముట్టును ఉమ్మడి చేయు సహకారమును మాత్రము వ్యతిరేకించిరి. సంఘము నేతగానికి నూలు తెచ్చియిచ్చుట యొకటి. నేతగాని మగ్గమును సంఘమే తీసికొనుట వేరొకటి. ఈ భేదమే ఆయన ఆర్థిక దృక్పథమునకు కీలకము.

ఈ దృక్పథమున ఒక లోపము గలదు. స్వయంవృత్తిపరుడను పెద్ద గొడుగు క్రింద ఐదెకరముల రైతును, యాభై యెకరముల రైతును ఒక్కటిగా చేర్చిరి. వారి పొలములలో పనిచేయు భూమిలేని కూలీ ఆ గొడుగు అంచున తడియుచునే యుండెను. కిసాన్ సభలోని వామపక్షీయులు ఆయనతో విభేదించుటకు ఇది యొక ముఖ్య కారణము. మగ్గము విషయమునను ఇదే ప్రశ్న తలయెత్తును: నాలుగు మగ్గములవానికిని, ఏబది మగ్గములవానికిని, మగ్గము లేనివానికిని ఒక్కటే సిద్ధాంతము చాలునా?

ప్రజాసేవా దృక్పథము

రంగాగారికి ప్రజాసేవ యనగా దానధర్మము కాదు. తన పక్షమున తానే మాట్లాడుకొనగల మనిషిని తయారుచేయుట. ఈ ఉద్దేశముతోనే 1934లో నిడుబ్రోలులో రామానీడు రైతాంగ విద్యాలయమును స్థాపించిరి. పల్లెయువకులకు అర్థశాస్త్రము, రాజకీయములు, ఉద్యమ నిర్వహణము నేర్పుట దాని పని. పట్టణపు న్యాయవాది వచ్చి రైతు తరఫున వినతిపత్రము వ్రాసియిచ్చు రోజులవి. వినతిపత్రము వ్రాయుట రైతుబిడ్డకే నేర్పవలెనని ఆచార్యుని పట్టుదల. కళాశాల కొలువు విడిచినను ఆయన బోధన విడువలేదు. తరగతి గది మాత్రమే మారినది.

భివండీకి దారితీసిన చరిత్ర

భివండీ బొంబాయికి చేరువగా, ఆగ్రా బాటను ఆనుకొని, కామ్వారి నదీతీరమున నున్నది. 1857 తిరుగుబాటు పిమ్మట ఉత్తరాదినుండి వచ్చిన మోమిన్ నేతగాండ్రు అచ్చట మగ్గములు నెలకొల్పిరి. ఇరువదవ శతాబ్దమున వారి మగ్గములు క్రమముగా విద్యుచ్ఛక్తికి మారినవి. తెలుగు నేతవారు అంతకు ముందే మహారాష్ట్రమునకు వలసవచ్చుట ఆరంభమైనది. 1876-78 నాటి గొప్ప కరవును, నిజాము రాజ్యమున వర్షాధారపు బ్రతుకును పద్మశాలీలను షోలాపురమునకు నడపినవి. బొంబాయి మిల్లులు మరికొందరిని ఆకర్షించినవి. భివండీ ఈ వలసలో తరువాతి మజిలీ.

ప్రభుత్వ విధానము ఈ మజిలీని పెంచినది. 1954లో కనుంగో సంఘము చేమగ్గములను క్రమముగా మరమగ్గములుగా మార్చవలెనని సూచించెను. మరుసటి యేట కార్వే సంఘము చేతివృత్తులవారి పని చెడకుండ మిల్లుల, మరమగ్గముల విస్తరణను అరికట్టవలెనని చెప్పెను. 1956 తరువాత మిల్లులలో కొత్త మగ్గములకు అడ్డుకట్ట పడెను. మిల్లుకు కట్టిన కట్ట ప్రక్కనుండి నీరు పారినట్లు, చిన్న చిన్న షెడ్డులలో మరమగ్గములు వెలసినవి. పది మందికి లోబడిన పనివారున్న షెడ్డునకు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వర్తింపలేదు, సుంకములును తక్కువ. చేమగ్గమును రక్షింప నుద్దేశించిన విధానము మరమగ్గమునకు ఊతమైనది. 1974లో శివరామన్ సంఘము ఒక మరమగ్గము ఆరు చేమగ్గములను త్రోసివేయునని అంచనా వేసినది.

1982 జనవరి 18న బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె ఆరంభమైనది. సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్న ఆ సమ్మె గెలుపు లేకయే చల్లారినది. పెక్కు మిల్లులు మరల పూర్తిగా కోలుకొనలేదు. మిల్లులు నేయవలసిన గుడ్డ భివండీ షెడ్డులకు తరలెను; మిల్లుల పాత మగ్గములును తుక్కు ధరకు వాటివెంటనే తరలెను. మిల్లులో ఎనిమిది గంటలు పనిచేసి సంఘబలముతో జీతము పొందిన కార్మికుని పనిని, భివండీలో పన్నెండు గంటల పాళీలో గజముల లెక్కన కూలి పొందు కార్మికుడు చేయసాగెను.

ఒకే ఇంటి అన్నదమ్ములు

ఇచ్చట తెలుగు నేతవారి చరిత్రలోని అతి కఠినమైన చిక్కు ఎదురగును. రంగాగారును, కోటయ్యగారును ప్రాతినిధ్యము వహించిన చేనేత ఉద్యమమునకు మరమగ్గము శత్రువు. కొన్ని రకముల వస్త్రములను చేమగ్గములకే కేటాయింపవలెనని ఉద్యమము కోరెను. 1985లో పార్లమెంటు అట్టి చట్టమును చేసెను. మొదట 22 రకములు కేటాయింపబడెను. మరమగ్గముల పక్షమువారు వ్యాజ్యము వేసిరి. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టము చెల్లునని తీర్పు చెప్పెను. ఆ తరువాత కేటాయించిన రకములు 11కు తగ్గింపబడెను.

కాగా మరమగ్గమును నడపువాడు ఎవడు? చేమగ్గము సాగక పల్లె విడిచిన నేతగాని కొడుకే. అన్న సిరిసిల్లలోనో, పోచంపల్లిలోనో చేమగ్గము నేయుచుండగా, తమ్ముడు పద్మనగరములో సాంచె నడిపెను. అన్నను కాపాడు చట్టము తమ్మునికి ఇబ్బంది. తమ్ముడు నేసిన చౌక గుడ్డ అన్నకు పోటీ. అంతటితో ఆగలేదు. భివండీలో పని నేర్చినవారు కొందరు సిరిసిల్లకు తిరిగివచ్చి అచ్చటనే సాంచెలు పెట్టిరి; కాలక్రమమున సిరిసిల్లయే మరమగ్గముల పట్టణమైనది. చేనేతయా, మరనేతయా యని విడదీసి చూచు దృష్టికి ఈ కుటుంబ కథ అందదు.

రంగాగారి మూలసూత్రము అందుకొనగలదు. ఎందుకనగా ఆయన ప్రశ్న యంత్రమును గూర్చినది కాదు, మనిషిని గూర్చినది. నూలు ఎవరిది? సరుకు అమ్ము దారి ఎవరిది? ఈ ప్రశ్నలకు చీరాల నేతగానికిని, భివండీ సాంచెలవానికిని దొరకు సమాధానము దాదాపు ఒక్కటే. భివండీలో చిన్న సాంచెల యజమాని అనేకముగా వ్యాపారి యిచ్చిన భీములపై, వ్యాపారి నూలుతో గుడ్డ నేసి, మీటరునకు పిక్కు లెక్కన ఇన్ని పైసలని మజూరి తీసికొనును. గిరాకి తగ్గినచో మజూరి తగ్గును. కరెంటు ధర పెరిగినను మజూరి పెరుగదు. నూలు ధర ఎగుడుదిగుడులలో లాభము వచ్చినచో వ్యాపారిది, నష్టము వచ్చినచో సాంచె ఆగును. 2016 నోట్ల రద్దు, 2017 వస్తుసేవల పన్ను, 2020 కరోనా మూసివేత వచ్చినప్పుడు సాంచెలు ఆగిన దినముల నష్టము చిన్న యజమానిపైనను, కూలివానిపైనను పడెను. 1930లో రంగాగారు లెక్కకట్టిన రెండవ తరగతి నేతగాడే విద్యుత్తు మీట నొక్కి మరల ప్రత్యక్షమైనాడు.

సిద్ధాంతము చాలనిచోటు

అయితే పద్మనగరము ఆయన సిద్ధాంతమునకు సాక్ష్యమే గాక ప్రశ్న కూడ. చేమగ్గము ఇంటివారితో నడచును: ఇల్లాలు కండెలు చుట్టును, పిల్లలు ఆసుపోయుదురు, పెద్దవాడు నేయును. సాంచె అట్లు కాదు. పగలు రాత్రి నడచినగాని దాని ఖర్చు రాదు. కనుక ఎనిమిది సాంచెలవానికి సయితము పాళీకి కూలివాడు కావలెను. తన వ్యాపారికి తాను కూలివాడు, తన కూలివానికి తాను యజమాని. ఒకే మనిషి రెండు ముఖములతో నిలుచును. పైనుండి మజూరి తగ్గినప్పుడు క్రింద కూలి తగ్గించుట తప్ప అతనికి వేరు దారి తోచదు. ఆ కూలివాడును నిన్న మొన్న పల్లెనుండి వచ్చిన బంధువో, ఉత్తరాదినుండి వచ్చిన పేదవాడో అయియుండును.

రంగాగారి గొడుగు ఈ కూలివానిని కప్పదు. రైతు ఉద్యమములో భూమిలేనివాని ప్రశ్న ఎట్లు మిగిలిపోయెనో, ఇచ్చట మగ్గము లేనివాని ప్రశ్న అట్లే మిగిలిపోవును. మగ్గము గలవాని స్వాతంత్ర్యము మగ్గము లేనివాని ఆకలిపై నిలువరాదు. ఈ సవరణ చేసికొన్నగాని ఆచార్యుని దృక్పథము ఈ పట్టణమునకు పూర్తిగా ఉపకరింపదు.

మరొక విషయము. భివండీలో నేత ఒక్క కులమువారి వృత్తి కాదు. మోమిన్ యజమాని షెడ్డులో తెలుగు కార్మికుడు, తెలుగువాని సాంచెపై ముస్లిము కార్మికుడు పనిచేయుచు వచ్చిరి. 1970లోను, 1984లోను జరిగిన మతకలహములు ఆ పట్టణమును గాయపరచినవి. మగ్గము ఆగినప్పుడు ఎవరి మగ్గమని ఆకలి అడుగదు. పనినిబట్టి మనుషులను కూర్చు సంఘమే ఇట్టిచోట కులమతముల హద్దులను దాటగలదు. రంగాగారు రైతులను, వృత్తిపనివారిని పనినిబట్టి సంఘటితులను చేయుటకు పూనుకొనిరి గాన, ఈ పాఠమును ఆయన కృషినుండి గ్రహింపవచ్చును.

చట్టము పలికిన మాట

రంగాగారి మరణానంతరము ఆయన జీవితకాలపు వాదమునకు చట్టమున కొంత గుర్తింపు లభించినది. 2008లో పార్లమెంటు చేసిన అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టము, కూలికి పనిచేయువానిని, ఇంటివద్ద పనిచేయువానిని, స్వయంవృత్తిపరుని ముగ్గురిని అసంఘటిత కార్మికుడను నిర్వచనములో చేర్చినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియు స్వయంవృత్తిపరునకు నిర్వచన మిచ్చినది. పెట్టుబడిదారుడు, కార్మికుడు అను రెండు గదుల నడుమ గడపమీద నిలిచినవానికి చట్టము ఒక పేరు పెట్టినది. ఆ నిర్వచనములో మగ్గము గలవాడును, లేనివాడును ప్రక్కప్రక్కన నిలుచుట గమనింపదగినది. ఆచార్యుని సిద్ధాంతములోని లోటును చట్టము కొంతవరకు పూరించినది. కాని రాజ్యాంగ సభలో ఆయన చెప్పిన మాట ఇచ్చట మరల గుర్తుకు రావలెను: హక్కు కాగితముపై నుండుట వేరు, చేతికందుట వేరు. నమోదు చేసికొనుటకు, అర్హత తెలిసికొనుటకు, బకాయి అడుగుటకు మనిషికి చదువును, సంఘమును కావలెను. రామానీడు వంటి పాఠశాల అవసరము 1934తో తీరిపోలేదు.

ముగింపు

ఆచార్య రంగాగారి రాజకీయము, అర్థశాస్త్రము, ప్రజాసేవ మూడు వేర్వేరు శాఖలు కావు. స్వయంవృత్తిపరుని లెక్క వ్రాయుట ఆయన అర్థశాస్త్రము. వానికి చట్టసభలో గొంతు నిచ్చుట ఆయన రాజకీయము. వాడే మాట్లాడునట్లు చేయుట ఆయన ప్రజాసేవ. ఆయన ఎన్నుకొన్న మిత్రులు కొన్నిసార్లు ఆయన ఆశయమునకు తగినవారు కాలేదు. ఆయన గీసిన వలయమునకు వెలుపల పేదలు మిగిలిపోయిరి. ఈ రెండు లోపములను ఒప్పుకొన్న పిమ్మట కూడ, చిన్నవాని పనిముట్టును గౌరవింపవలెనను ఆయన పట్టుదల తరుగని విలువ గలది.

పద్మనగర నేతవారు ఆ దృక్పథమునుండి గ్రహింపదగినది మూడు మాటలలో చెప్పవచ్చును. సాంచె కొనుటతో స్వాతంత్ర్యము పూర్తి కాదు. నూలు కొనుగోలులోను, అమ్మకములోను పదిమంది కలసినప్పుడే అది పూర్తియగును. కలయిక మగ్గములను ఉమ్మడి చేయుటకు కాక, బేరమాడు శక్తిని ఉమ్మడి చేయుటకు కావలెను. ఆ కలయికలో సాంచె లేని కూలివానికి చోటు లేనిచో, నేడు వ్యాపారివద్ద తాము పడుచున్న బాధనే రేపు తమవద్ద మరొకడు పడును. రెండు శతాబ్దముల క్రిందట తెలుగు పల్లెలలో షావుకారు గుమ్మమున నిలిచిన నేతగాని ప్రశ్న ఇంకను తీరలేదు. నిడుబ్రోలు ఆచార్యుడు ఆ ప్రశ్నను సరిగా అడుగుట నేర్పిరి. సమాధానము చెప్పవలసినది నేయువారే.